మూడు తడితే ఆపాలి

చెవుల మేస్త్రికి ఆ పేరు చెవులు పెద్దవని రాలేదు. బండి గేటు దాటి షెడ్డులోకి వస్తూండగానే, చేతిలో టీ గ్లాసు కింద పెట్టకుండా, "వెనక ఎడమ చక్రం, కింది రబ్బరు బుష్" అని చెప్పేసేవాడు గనక వచ్చింది. విప్పి చూస్తే చాలాసార్లు అదే అయ్యేది. కానప్పుడు కూడా అదేనని వాదించేవాడు. ఆ పేరంటే అతనికి అంత ప్రాణం.

అతని షెడ్డుకి వచ్చేవన్నీ ఖరీదైన బండ్లు. వాటి యజమానుల సరదాలు చిత్రంగా ఉంటాయి. పరుపు మీద కూర్చున్నట్టు పోయే బండిని ఏరికోరి కొంటారు. కొన్న మోజు తీరకముందే కంపెనీవాడు పెట్టిన సస్పెన్షన్ పీకించేసి, బయట దొరికే గట్టి స్ప్రింగులూ షాకబ్సార్బర్లూ వేయించి, బండిని నేలకి ఆనేటంత కిందకి దింపిస్తారు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను, ఎలక కోసం నక్కిన పిల్లిలా ఉంటుంది. ఆ తర్వాత మొదలవుతుంది చప్పుడు. ఒకసారి టక్కుమంటుంది, ఒకసారి కీచుమంటుంది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. వాళ్ళలా గోక్కోబట్టే మేస్త్రి ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఆ చప్పుడు పట్టడానికి షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. వెనక చక్రాల దగ్గర పుట్టే చప్పుడు ముందు కూర్చున్నవాడికి సరిగ్గా అందదు. అందుకని ఒకరు బండి నడుపుతూంటే ఇంకొకరు డిక్కీలో దుప్పటి పరుచుకుని పడుకుంటారు. మూత వేసేస్తారు. చీకట్లో, చెవి అడుగు రేకుకి ఆనించి, చప్పుడు ఏ మూలనుంచి వస్తోందో వింటారు. లోపలివాడు బయటికి కబురు చెప్పాలంటే వేలి కణుపుతో రేకు మీద తట్టడమే. ఒకటి తడితే పోనీ అని. రెండు తడితే నెమ్మది అని. మూడు తడితే ఆపాలి.

డిక్కీలో పడుకునేది ఎప్పుడూ పొట్టోడే. పొట్టోడంటే మేస్త్రి బావమరిది, భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి చిన్నప్పుడే పోతే చంకనేసుకుని పెంచింది ఆమే. మనిషి పొట్టి, మాట పొడుగు. పెళ్ళీడు దాటిపోతున్నా పన్ను పీకించుకోవడానికి భయం. ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకుని తిరిగేవాడు. ముందు లవంగం వాసన వచ్చేది, తర్వాత వాడు వచ్చేవాడు. ఏ బండెక్కినా మీట నొక్కి డ్రైవరు సీటుని స్టీరింగు పొట్టకి తగిలేదాకా ముందుకి జరుపుకునేవాడు. ఆ తర్వాత అదే బండెక్కిన మేస్త్రికి మోకాలిచిప్ప పగిలేది.

"సీటు వెనక్కి జరిపి దిగరా అంటే వినవేంరా?"

"నీ కాళ్ళు పొడుగైతే అది నా తప్పా బావా?"

పొట్టోడు పోయి ఏడాది కూడా కాలేదు. డిక్కీలోనే పోయాడు.

అందరికీ తెలిసిన సంగతి ఇంతే. బాగా కిందకి దింపిన నల్ల బండి ఒకటి చప్పుడు చేస్తోందని షెడ్డుకి వచ్చింది. పొట్టోడు డిక్కీలో పడుకున్నాడు, మేస్త్రి నడిపాడు. అంత కిందకి ఉన్న బండి గనక సైలెన్సర్ గొట్టం రోడ్డుకి రాసుకుని దారిలో అతుకు విడిపోయింది. పొగ డిక్కీలోకి ఎక్కింది. మత్తు కమ్మి, నిద్రలోనే పోయాడు. "తట్టలేదు. ఒక్కసారి కూడా తట్టలేదు" అని మేస్త్రి పోలీసులకి చెప్పాడు. ఆసుపత్రిలో చెప్పాడు. నేల మీద పడి ఏడుస్తున్న భార్యకి చెప్పాడు.

ఆమె ఆ ఒక్క మాట పట్టుకునే బతుకుతోంది. షెడ్డులో విడి భాగాల కౌంటరు ఆమెదే. బుష్‌ల పెట్టెలు సర్దుతూ సర్దుతూ ఉన్నట్టుండి తనలో తనే అనుకునేది. "కష్టం తెలియకుండా పోయాడులే. తెలిసుంటే తట్టేవాడుగా."

మేస్త్రికి మాత్రమే తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది.

ఆ రోజు పొట్టోడు లోపల పడుకుని మూత పడ్డాక, బండి యజమాని చెప్పాపెట్టకుండా ఊడిపడ్డాడు. తెల్ల బూట్లాయన. బండిలో ఇంత దుమ్ము కనబడితే ఎవరో పోయినట్టు మొహం పెట్టే మనిషి. "పదండి, నేనూ వస్తాను, చప్పుడు పోయిందో లేదో చూద్దాం" అంటూ పక్క సీట్లో కూర్చున్నాడు. మీ డిక్కీలో నూనె బట్టలతో మనిషి పడుకున్నాడండీ అని ఏ నోటితో చెప్పడం? మేస్త్రి పని అడకత్తెరలో పోకచెక్క అయింది. చిన్న చుట్టు తిప్పి తెచ్చేద్దాంలే అనుకున్నాడు. అక్కడితో ఊరుకోకుండా, "ఇక చప్పుడు వినబడితే నా పేరు మార్చుకుంటానండీ" అని గొప్పకి పోయాడు కూడా. ఆయన పెద్ద రోడ్డు ఎక్కించమన్నాడు. నున్నటి రోడ్డు. గతుకు లేదు, గుంట లేదు. అక్కడ మొదలైంది.

తక్... తక్... తక్.

అది స్ప్రింగు కాదని, బుష్ కాదని, వేలి కణుపని మేస్త్రి చెవికి తెలుసు. తెల్ల బూట్లాయన మొహం చిట్లించి తల వెనక్కి తిప్పబోయాడు. మేస్త్రి చెయ్యి దానంతటది ముందుకి వెళ్ళి, సన్నగా మోగుతున్న పాటని పెంచింది. మళ్ళీ తట్టాడు. మళ్ళీ పెంచాడు. కాస్త ఓపిక పట్టలేవురా, నా పరువు తీస్తున్నావు, అని మనసులో తిట్టుకున్నాడు. కొంత దూరం పోయాక చప్పుడు ఆగిపోయింది.

"చూశారా, సర్దుకుంది" అన్నాడు మేస్త్రి, నవ్వుతూ.

ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ అతనికి అన్నం సయించదు. ఆయన అది స్ప్రింగు చప్పుడేననుకుని దారిలో దిగి వెళ్ళిపోయాడు, షెడ్డుకొచ్చి మూత తీసేసరికి అంతా అయిపోయింది. చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఎవరికి చెప్పాలి? చెబితే పోయేది పాపమొక్కటే కాదు, ఆమె పట్టుకుని బతుకుతున్న ఆ మాట కూడా పోతుంది. అందుకే చెప్పడం లేదని తనకి తను సర్దిచెప్పుకునేవాడు. అందులో సగమే నిజం. మిగతా సగం భయం. టీ కొట్లో పాట పెంచితే లేచి వచ్చేసేవాడు. ఎవరైనా తలుపు తడితే దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా కూర్చునేవాడు.

ఇలా ఉండగా ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం, కౌంటరు దగ్గర భార్య టీ పోస్తూంటే, గేటు అవతల ఒక ఇంజను చప్పుడు వినిపించింది. మేస్త్రి చేతిలో గ్లాసు ఒలికింది. బండి ఇంకా కనబడనే లేదు. అయినా ఆ నల్ల బండేనని తెలిసింది.

దిగినావిడ పళ్ళ డాక్టరు. బండి చేతులు మారి ఈ మధ్యే తన దగ్గరికి వచ్చిందని చెప్పింది. దాని చరిత్ర ఆవిడకి తెలిసినట్టు లేదు.

"వెనక ఏదో కొట్టుకుంటోందండీ. బయటి సస్పెన్షన్ వేయించిన బండి కదా, దానివల్లే అన్నారు. కానీ చిత్రమేమిటంటే గతుకుల్లో రాదు. నున్నటి రోడ్డు మీదే వస్తుంది. అదీ పాట పెడితేనే."

"పాటా? ఏ పాట? పాటకీ చప్పుడుకీ ఏమిటండీ సంబంధం?" గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు మేస్త్రి గొంతు లేచింది.

"అదే కదా నేనూ అడిగేది. కట్టేస్తే ఆగిపోతుంది. పెంచానా, అదీ పెరుగుతుంది. మా ఆయన నాకే ఏదో అయిందంటున్నాడు." ఆవిడ నవ్వింది. తర్వాత కొంచెం గొంతు తగ్గించింది. "ఇంకోటండీ. లోపల లవంగ నూనె వాసన. రోజంతా క్లినిక్కులో దాంతోనే పని కదా, నా చేతులదే అనుకున్నాను. ఊరికెళ్ళి సెలవంతా గడిపి వచ్చి తలుపు తీసినా వస్తోంది."

కౌంటరు వెనక టీ గ్లాసుల చప్పుడు ఆగింది. మేస్త్రి అటు చూడలేదు.

అతను ఆ బండి మీద పడి పని చేశాడు. లిఫ్టు ఎక్కించాడు. అతుకు వేసిన సైలెన్సర్ని వెతికి వెతికి చూశాడు, గట్టిగానే ఉంది. బుష్‌లు మార్చాడు, షాకుల పైన రబ్బర్లు మార్చాడు. అదీ చాలక బయటి సస్పెన్షన్ మొత్తం విప్పేసి, కంపెనీది తెప్పించి బిగించాడు. బండి నేలకి దిగి, బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బోల్టులు బిగించాడు. చప్పుడు చెయ్యడానికి ఇక దాంట్లో ఏమీ మిగల్లేదు. ఆ చప్పుడు ఇనుప సామాన్లదే అయితే చాలు దేవుడా అని మొక్కుకుంటూ చేశాడు.

డాక్టరమ్మ బండి తీసుకెళ్ళింది. మర్నాడు సాయంత్రమే తిరిగి వచ్చి తాళం చెవి కౌంటరు మీద పెట్టింది. "మళ్ళీ వచ్చిందండీ. ఈసారి ఇంకా గట్టిగా" అని, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

మేస్త్రి భార్య తాళం చెవి చేతిలోకి తీసుకుంది.

"ఇది వాడు పోయిన బండే కదా?"

"అవును."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆమె కౌంటరు చుట్టి బయటికి వచ్చింది. మూలన ఉన్న పాత దుప్పటి దులిపింది.

"నేను పడుకుంటాను డిక్కీలో. మీరు నడపండి. నాకు నడపడం ఎలాగూ రాదుగా."

"పిచ్చా నీకు? పొద్దుపోతోంది, వాన వచ్చేలా ఉంది."

"వాడు ఎలా పడుకున్నాడో ఒక్కసారి చూడాలండీ. నిద్రలో పోయాడంటే నమ్మానే గానీ, ఆ నిద్ర ఎలాంటిదో నాకు తెలియదు. ఒక్కసారి."

వద్దనడానికి కారణం కావాలి. ఉన్న ఒకే ఒక్క కారణం చెప్పలేనిది. కక్కలేక మింగలేక నిలబడ్డాడు. ఆమె దుప్పటి పరుచుకుని మధ్యలో వెల్లకిలా పడుకుంది.

"మూత వెయ్యండి."

వేశాడు.

ఊరి చివర గోదాముల పక్కనుంచి పోయే రోడ్డు నున్నగా, ఖాళీగా ఉంది. దీపాలు ఇంకా వెలగలేదు. మబ్బుల వల్ల సందె వెలుగు బూడిద రంగులో ఉంది. మేస్త్రి పాట పెట్టలేదు. నెమ్మదిగా పోనిచ్చాడు. కొత్త సస్పెన్షన్ మీద బండి నీళ్ళ మీద తెప్పలా పోతోంది. ఏ చప్పుడూ లేదు. తన ఊపిరి తనకే వినిపిస్తోంది.

"పాట పెట్టండి."

ఉలిక్కిపడ్డాడు. భార్య గొంతు వెనక సీటు లోపల్నుంచి వచ్చింది. చిన్నగా ఉంది గానీ అక్షరం అక్షరం వినబడింది. అలాగైతే ఇక్కడి మాటలూ అక్కడికి వినబడతాయి. ఆ రోజు "సర్దుకుంది" అన్న మాట కూడా...

"పాట పెడితేనే వస్తుందందిగా ఆవిడ" అంది ఆమె.

పెట్టాడు. చిన్నగా. ఏమీ లేదు. కొంచెం పెంచాడు.

తక్... తక్... తక్.

బ్రేకు మీద నిలబడ్డట్టు ఆపాడు. పరుగున వెళ్ళి మూత తెరిచాడు. ఆమె వెల్లకిలా పడుకుని అతని వంక చూసింది.

"ఎందుకాపారు?"

"తట్టావుగా!"

"నేను తట్టలేదే."

"మరి..."

"నాకూ వినబడింది. కింద కాదు. రేకు మీద." చెయ్యెత్తి తన తల పక్కన చూపించింది. "ఇక్కడ."

"ఇంక చాలు. దిగు."

"పోనివ్వండి."

ఆమె గొంతులో భయం లేదు. అదే అతన్ని భయపెట్టింది. మూత వేసి వచ్చి కూర్చున్నాడు. ఈసారి పాట జోలికి పోదలుచుకోలేదు. బండి కదిలింది. పాట దానంతటదే వస్తోంది. కట్టేశానే... కట్టేశానా? పాట మర వెనక్కి తిప్పాడు. తగ్గలేదు. తగ్గకపోగా పెరిగింది. బండంతా లవంగం వాసన. నోట్లో పెట్టుకుని కొరికినంత ఘాటు. దాని కింద సన్నగా ఇంకో వాసన... సైలెన్సర్ పొగ.

తక్... తక్... తక్.

తక్ తక్ తక్.

తక్‌తక్‌తక్‌తక్...

ఆపాడు. పాట ఆగాలని తాళం చెవి పీకి జేబులో కుక్కుకుని పరిగెత్తాడు. మూత మీట వెంటనే దొరకలేదు. దొరికింది. తెరుచుకుంది.

పొగ లేదు. ఆమె బాగానే ఉంది. కానీ మధ్యలో లేదు. అంత డిక్కీలో ఒక పక్కకి ఒదిగి, గోడకి వీపు ఆనించి, పక్కకి తిరిగి పడుకుంది. ఒక చెయ్యి బారుగా చాపింది. చంటివాడి తల కింద చెయ్యి వేస్తారే, అలా. చాపిన చెయ్యి అవతల దుప్పటి నలిగి, కుంగి ఉంది.

"ఏవండీ." గుసగుసలాడింది. "పాట ఎవరు పెంచారు?"

"నేను కాదు. దానంతటదే..."

"ఇప్పుడు కాదు. ఆ రోజు."

దూరంగా ఏదో లారీ పోయింది. తెల్ల బూట్లాయన అనేస్తే అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ చాపిన చెయ్యి చూస్తూ అబద్ధం ఆడలేకపోయాడు.

"నేనే."

"వాడు తట్టాడా?"

"తట్టాడు."

"మీకు వినబడిందా?"

"...వినబడింది. వాడేనని కూడా తెలిసింది. పక్కన బండి యజమాని ఉన్నాడు, పరువు పోతుందని..."

ఏడుస్తుందనుకున్నాడు. కొడుతుందనుకున్నాడు. కొట్టినా బాగుండేది. ఆమె మెల్లగా తల తిప్పి, ఖాళీగా ఉన్న పక్కకి చూసి, లాలనగా అంది.

"ఒప్పుకున్నాడ్రా."

తర్వాత దిగింది. దుప్పటి ముడతలు సరిచేసింది. సగమే సరిచేసింది, తను పడుకున్న సగం.

"ఇప్పుడు మీరు పడుకోండి."

"నేనా? బండి ఎవరు నడుపుతారు? నీకు రాదుగా."

ఆమె మూత పట్టుకుని నిలబడింది. మేస్త్రి రోడ్డు వంక చూశాడు. పారిపోవచ్చు. ఆ ఆలోచన వచ్చింది, సిగ్గేసింది. కాదనడానికి తనకి నోరేది? ఇన్నాళ్ళూ గుండెల మీద మోసిన బరువు ఇక్కడ దింపుకోవచ్చేమో అనిపించింది కూడా. కాలెత్తి లోపల పెట్టాడు. పొడుగు మనిషి, మోకాళ్ళు గడ్డానికి ఆనేలా ముడుచుకోవాల్సి వచ్చింది. ఆమె పడుకున్న చోటు వెచ్చగా ఉంది. పక్కచోటు చల్లగా ఉంది.

"భయపడకండి" అంది ఆమె. "మూడు తడితే ఆపుతాడు. మీలాంటివాడు కాదు వాడు."

మూత పడింది.

చీకటి. కాసేపు అలా ఉంచి తీస్తుందిలే అనుకున్నాడు. బాధలో ఉంది, నాకు తెలిసి రావాలని చేస్తోంది, అంతే. చెయ్యి పెట్టి తడుముకున్నాడు. తాళం చెవి తన చొక్కా జేబులోనే ఉంది. ఊపిరి కుదుటపడింది.

ఆమె చెప్పుల చప్పుడు బండి పక్కగా ముందుకి వెళ్ళింది. తలుపు తెరుచుకుంది. మూసుకుంది. డ్రైవరు వైపు కాదు, పక్క సీటు వైపు. చెవుల మేస్త్రికి ఏ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో విప్పి చూడక్కర్లేదు.

తర్వాత అవతలి తలుపు మూసుకుంది.

జుయ్... మంటూ డ్రైవరు సీటు మోటారు మోగింది. ముందుకి... ఇంకా ముందుకి... స్టీరింగు దాకా.